కళాసీల పద్దు పుస్తకం: నాన్నతో విశాఖలో నాలుగు రోజులు

ఇల్లందు తిరిగొచ్చి రెండు రోజులైంది. నాన్న మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. నేనేమో విన్న మాటలు చెవిలోంచి జారిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

ముందు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. రెండేళ్లుగా అనార్కో సిండికలిస్టు సంఘాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. పేరు వినగానే మనవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. అనార్కిజాన్ని తెలుగులో అరాచకం అనేశారు కాబట్టి కొట్లాటలు, దోపిడీలు గుర్తొస్తాయి. సిండికేట్ అంటే నాన్నకి తెలిసింది సారా దుకాణాల సిండికేటే. ఫ్రెంచిలో 'సిండికా' అంటే ఉత్త కార్మిక సంఘం, అంతే. వీళ్లు చెప్పేది కూడా కష్టమైన సంగతేం కాదు. సంఘం ఏ పార్టీకీ తోక కాకూడదు, జీతం తీసుకునే నాయకుడు ఉండకూడదు, మాట్లాడటానికి పంపినవాడు రేపు మళ్లీ పనిలోకి రావాలి, అతను దారి తప్పితే మర్నాడే వెనక్కి పిలిచే హక్కు మిగతావాళ్లకు ఉండాలి, ఆఖరికి ఆ గనినో మిల్లునో అందులో చెమటోడ్చేవాళ్లే నడుపుకోవాలి.

నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా మొదలుపెట్టి 34 ఏళ్లు బొగ్గు బాయిలోకి దిగాడు. సమ్మెలు చేశాడు, గుర్తింపు సంఘం ఎన్నికల్లో రెండు మూడు జెండాలు మార్చాడు. నేను ఇదంతా చెబితే, "లీడర్ లేకుండ సంఘం ఎట్ల నడుస్తది బిడ్డా? ఎక్కడన్న నడిచిందా?" అన్నాడు. స్పెయిన్, అర్జెంటీనా అంటే ఆయనకు అందవు. రేవు, ఉక్కు, ఓడలు, చేపలు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి కదా, విశాఖపట్నం పోదాం అన్నాను. ఎప్పుడో ఎల్‌టీసీ మీద మమ్మల్ని తీసుకెళ్లి జూ, బీచ్ చూపించాడు. "అప్పుడు పనిజేసెటోళ్లను చూడలే" అని సంచి సర్దుకున్నాడు.

జనవరి 22, గురువారం. పూర్ణా మార్కెట్

జగదాంబ వెనక సందులో రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక ఉప్మా పెసరట్టు తిన్నాం, 140 రూపాయలు. అల్లం చట్నీ ఎంత బాగుందంటే నాన్న ఇడ్లీ అయిపోయాక కూడా చట్నీ అడిగాడు. వడ్డించే అబ్బాయి విసుక్కోకుండా గరిటెడు వేసి "ఇంకా ఏస్కోండి బావూ" అన్నాడు.

బస్తాలు మోసే కళాసీల సంఘం ఎక్కడని ఒక కుర్రాణ్ణి అడిగితే చెయ్యి అటు చూపించాడు, మేం అటే నడిచి కురుపాం మార్కెట్ బంగారం కొట్ల మధ్య తేలాం. నాన్న మోకాలు అక్కడే మొరాయించింది. ఒక కొట్టు యజమాని స్టూలు వేసి, నీళ్లిచ్చి, మా పని విని, తన దగ్గర పనిచేసే పిల్లవాణ్ణి తోడు పంపించాడు. ఆ పిల్లవాడు మమ్మల్ని ఉల్లిపాయల లారీ ముందు నిలబెట్టి వెళ్లిపోయాడు.

మా దగ్గర హమాలీ అంటాం, కృష్ణా గుంటూరు వైపు ముఠా అంటారు, ఇక్కడ కళాసీ. పదకొండు మంది. మడిచిన గోనెసంచి తలమీద కప్పుకుని ఒకరి వెనక ఒకరు బస్తా మోస్తుంటే మధ్యలో మాట్లాడించడానికి మనసు రాలేదు, లారీ ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం. వాళ్లలో పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. టీ తాగుతూ జేబులోంచి పద్దు పుస్తకం తీశాడు. ఏ కొట్టు, ఏ సరుకు, ఎన్ని బస్తాలు అని రాసి ఉంది. బస్తాకి ఎంత, టిన్నుకి ఎంత, మేడ మీదికి ఎక్కిస్తే ఎంత అన్న రేట్ల కాగితం పక్క గోడకి అంటించి ఉంది. మధ్యాహ్నానికి వచ్చిన డబ్బు పదకొండున్నర వాటాలు అయింది, మోసినవాళ్లకి తలా 640. పెద్దాయనకీ అంతే, మొన్న చేరిన కుర్రాడికీ అంతే.

"పన్నెండో వాడున్నాడమ్మా, జొరం. ఆడికి సగం వాటా తీస్తాం" అన్నాడు పెద్దాయన. నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మా దగ్గర నాగా అంటే నాగానే" అన్నాడు నెమ్మదిగా. ఆ సగం వాటా నియమం ఎవరు పెట్టారని నేను అడిగాను. ఎవరూ పెట్టలేదట. ఒకసారి ఒకడు పడిపోయి మంచాన పడితే అందరూ కూర్చుని అనుకున్నారు, అప్పట్నుంచి నడుస్తోంది.

నేను అక్కడే స్వీడన్ సంగతి చెప్పాను. 1909లో అక్కడ పెద్ద సార్వత్రిక సమ్మె ఓడిపోయింది. పై నాయకుల మీద నమ్మకం పోయినవాళ్లు 1910లో ఎస్‌ఏసీ అని సొంత సంఘం పెట్టుకున్నారు. అడవుల్లో చెట్లు కొట్టేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, రైలు కట్టలు వేసేవాళ్లు అందులో ఎక్కువ. యజమానితో ఒప్పందం కోసం కూర్చోవడం మానేసి, ఏ పనికి ఎంత అన్నది తామే లెక్కగట్టి రేట్ల పట్టీ రాసుకుని, అంతకు తక్కువకి ఎవరూ పని ముట్టకూడదని కట్టుబడ్డారు. రిజిస్టర్ పద్ధతి అని దానికి పేరు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. పెద్దాయన విని గోడమీది కాగితం వైపు చూసి, "మాదీ అదే కదమ్మా. కాపోతే యాపారులతో కూకుని మాటాడాకే అంటిస్తాం" అన్నాడు.

అది చిన్న తేడా కాదు, నేను ఒప్పుకుంటాను. వాళ్ల సంఘానికి అధ్యక్షుడు కూడా ఉన్నాడు, బస్తా మొయ్యడు, పార్టీ మనిషి. "పెసిడెంటు గారు పోలీసు టేసన్ పనికి కావాలి. లెక్క మాత్రం మాదే" అన్నాడు పెద్దాయన. లెక్క ఎవరి చేతిలో ఉంటే సంఘం వాళ్లదే అని నాకు ఆ పూట అనిపించింది, ఇప్పటికీ అలాగే ఉంది.

జనవరి 23, శుక్రవారం. చేపల రేవు, పాత ఊరు

తెల్లవారుజామున నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్లో ఉన్నాం. ఆటోకి 120 అయింది. చలి, డీజిల్ వాసన, ఐసు నలగ్గొట్టే చప్పుడు. కోనాం, చందువా, గులివిందలు, కానాగంతలు కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. వేలంపాట పాడేవాడి నోట్లోంచి అంకెలు ఎంత వేగంగా వస్తున్నాయంటే నాకు ఒక్కటీ పట్టుబడలేదు, కానీ గంప చంకన పెట్టుకున్న ఆడవాళ్లు కనుబొమ్మ ఎగరేసి సరుకు తీసేసుకుంటున్నారు.

2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఒక బోటు కళాసీ (బోటుమీద పనిచేసేవాళ్లనీ ఇక్కడ కళాసీలే అంటారు) ఆ చోటు చూపించాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. వేటకెళ్తే పది పదిహేను రోజులు సముద్రంలోనే. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేశాక మిగిలినదాంట్లో యజమానికి పెద్ద వాటా, మిగతాది వీళ్లకి. సరుకు దొరక్కపోతే వీళ్లకేమీ మిగలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ అప్పే.

"మా తాత నాటి తెప్ప మీద ఇలగ కాదమ్మా. తెప్పకో వాటా, వలకో వాటా, మనిసికో వాటా. తెప్ప ఎవుడిదైనా ఆడూ కూడా తెడ్డేసేవోడే" అన్నాడు. ఈ ఒక్క మాట కోసం నేను ఎన్నో పేజీలు చదివాను. పనిముట్టుకి వాటా ఉండటం తప్పు కాదు, పనిముట్టు ఒడ్డున కూర్చున్నవాడిదైనప్పుడే గొడవ మొదలవుతుంది. అట్లాగని తెప్పల కాలాన్ని నేను బంగారం చెయ్యను. ఆ వాటాల్లో ఆడవాళ్ల పేరు ఎక్కడా లేదని గంప నింపుకుంటున్న ఒకామె మొహం మీదే చెప్పింది. "ఆళ్లు పట్టింది ఊరంతా తిరిగి అమ్మేది నేనే, రోజువారీ వడ్డీ కట్టేదీ నేనే."

ఆమె దగ్గరే కిలో కానాగంతలు 180కి కొన్నాం. దగ్గర్లో ఒక చిన్న హోటలు నడిపే అక్క 100 తీసుకుని వండిపెట్టింది. చింతపండు పులుసు, పైన కరివేపాకు, పక్కన వేడి అన్నం. ముల్లు ఎలా తీయాలో ఆ అక్కే నాన్న పక్కన కూర్చుని నేర్పింది. "మా మామగారికి ఇలగే తీసిచ్చేదాన్ని" అంది.

కాస్త ఎండెక్కాక పాత పోస్టాఫీసు మీదుగా రాస్ హిల్ ఎక్కాం. చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి పక్కపక్క కొండల మీద ఉంటాయి. అక్కణ్ణించి కాలువలోకి ఓడ వస్తుంటే కింద మనుషులు చీమల్లా కదులుతున్నారు. ఈ రేవు 1933లో మొదలైంది. నేను నాన్నకి అమెరికాలోని ఫిలడెల్ఫియా రేవు కథ చెప్పాను. ఐడబ్ల్యూడబ్ల్యూ అనే సంఘం 1905లో చికాగోలో పుట్టింది, వాళ్లు తమని అనార్కో సిండికలిస్టులమని చెప్పుకోలేదు గానీ దగ్గరి చుట్టాలే. నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ యజమానులు ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పే ఆ రేవులో 1913లో ఓడ కూలీలు సమ్మె చేసి గెలిచి, లోకల్ 8 అని ఒకే సంఘంగా కలిశారు. అధ్యక్ష స్థానంలో ఒక నెల నల్లవాడు, ఒక నెల తెల్లవాడు. బెన్ ఫ్లెచర్ అనే నల్లజాతి కార్మికుడు వాళ్లలో పెద్ద గొంతు, 1918లో అతనికి పదేళ్ల జైలు వేశారు.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బాయిల కులం లేదంటరు. దిగినప్పుడు లేదు. పైకొచ్చి క్వార్టర్ల పొంటి పోతే ఉంది" అన్నాడు. నెలకొకరు మారే ఆ పద్ధతి మీద మాత్రం ఆయనకు గురి కుదిరింది. మెట్లు దిగేదాకా దాని గురించే అడుగుతూ వచ్చాడు.

ఇదంతా తెల్లవాళ్ల కథ అనుకునేవాళ్ల కోసం ఇంకో రెండు ముక్కలు. అమెరికాలో ఉన్న భారతీయులు బ్రిటిష్ పాలన మీద లేపిన గదర్ ఉద్యమానికి ఊపిరి పోసిన లాలా హర్‌దయాళ్ 1912లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ ఐడబ్ల్యూడబ్ల్యూ శాఖకే కార్యదర్శిగా ఉన్నాడు. ఆ గదర్ పార్టీలోనే మన కనిగిరి నుంచి వెళ్లిన దరిశి చెంచయ్య పనిచేశాడు. 1922 డిసెంబరు చివర బెర్లిన్లో పలు దేశాల సిండికలిస్టు సంఘాలు కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకున్న సభలో మద్రాసులో పుట్టిన ఎం.పి.టి. ఆచార్య కూర్చున్నాడు. మన బడి పుస్తకాల్లో ఈ మనిషి పేరు నాకెప్పుడూ కనబడలేదు. అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

జనవరి 24, శనివారం. గాజువాక, కూర్మన్నపాలెం

ఉక్కు కర్మాగారం వైపు పోతూ ఒక స్టాపు ముందే దిగిపోయాం. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి టౌన్‌షిప్ గేటు దగ్గరికి చేరితే, పాసు లేకుండా పంపలేనని సెక్యూరిటీ ఆయన మర్యాదగానే చెప్పి నాన్నకి తన కుర్చీ ఇచ్చాడు. ఎదురుగా టీ బడ్డీ ఉంది. నడిపే ఆయన నిర్వాసితుడు. ఈ ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి, అందులో వాళ్ల ఊరొకటి. వాళ్ల నాన్న భూమి ఇచ్చి ఆర్ కార్డు (నిర్వాసితులకిచ్చే పునరావాస కార్డు) తీసుకున్నాడు, ఉద్యోగం మాత్రం తండ్రికీ రాలేదు, కొడుక్కీ రాలేదు. "కార్డుందండి. లేమినేషన్ కూడా చేయించేను" అన్నాడు. నేను డబ్బులివ్వబోతే రెండో టీకి తీసుకోలేదు.

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా లేచింది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి, ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది చనిపోయారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 2021 జనవరిలో అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం తీసుకుంటే, ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం జంక్షన్లో రిలే దీక్షలు మొదలై వెయ్యి రోజులు దాటాయి. ఎర్రజెండాలు, మూడు రంగుల జెండాలు, ఎన్ని సంఘాలుంటే అన్నీ ఒకే టెంటు కింద కూర్చున్నాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అదే ఏడాది మేలో, తీసివేతలు ఆపమని కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు.

బడ్డీ దగ్గరే ఒక కాంట్రాక్టు కార్మికుడు కలిశాడు, పోయినేడు పని పోయింది, ఇప్పుడు గాజువాకలో వెల్డింగ్ షాపులో చేస్తున్నాడు. పర్మినెంటువాళ్ల మీద కోపం ఉందా అని అడిగాను. "కోపమేటి మేడం? మంచోళ్లే. కానీ ఆళ్ల సంఘం ఏరు, మా సంఘం ఏరు. ఫర్నేస్ ఒకటే."

నేను ఆయనకి స్పెయిన్ దేశపు బార్సిలోనాలో 1919లో జరిగిన కథ చెప్పాను. కనడియెన్స్ అని పిలిచే కరెంటు కంపెనీలో ఎనిమిది మంది గుమస్తాలను తీసేశారు. తోటి గుమస్తాలు కలం కింద పెట్టారు, వాళ్ల వెనక మీటర్లు చూసేవాళ్లు, లైన్ల మీద పనిచేసేవాళ్లు, గ్యాసు, నీళ్లు, ట్రాములవాళ్లు. ఊరు చీకటైపోయింది. సమ్మెకు వ్యతిరేకంగా రాసింది అచ్చు వెయ్యబోమని ప్రెస్సు కార్మికులు చెప్పేశారు. 1910లో పుట్టిన సీఎన్‌టీ అనే సంఘం ఇదంతా నడిపింది. 44 రోజులు. ఆఖరున పెద్ద ఎద్దుల పోటీ మైదానంలో సాల్వదోర్ సెగీ అనే రంగులేసే కార్మికుడు వేలమంది ముందు నిలబడి, ఒప్పందం ఇదీ, ఒప్పుకుంటారా లేదా అని వాళ్లనే అడిగాడు. ఆ ఏప్రిల్లో స్పెయిన్‌లో ఎనిమిది గంటల పని చట్టమైంది.

"ఎనిమిది మంది గుమస్తాల కోసం ఊరంత దీపాలు ఆపిన్రా?" అన్నాడు నాన్న. వెల్డింగ్ ఆయన ఏమీ అనలేదు, టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నాడు.

తిరుగు దారిలో నాన్నా నేనూ గట్టిగా వాదించుకున్నాం. సర్కారు చేతిలో ఉంటేనే నౌకరి నిలబడుతుందని ఆయన, సర్కారుదా ప్రైవేటుదా అన్న రెండే ప్రశ్నలు ఎందుకు, చేసేవాళ్లదెందుకు కాకూడదని నేను. "మరి ఆ స్పెయిన్ ఏమైంది ఆఖరికి?" అని అడిగాడు. దాచకుండా చెప్పాను. 1936 జులైలో సైన్యం తిరగబడితే కార్మికులు బార్సిలోనాను కాపాడుకుని ట్రాములు, మిల్లులు తామే నడిపారు. ఆ నవంబరులోనే, ప్రభుత్వాలే వద్దన్న సీఎన్‌టీ నుంచి నలుగురు మంత్రులయ్యారు. 1939కి ఆ తిరగబడ్డ సైన్యం నాయకుడు ఫ్రాంకో గెలిచాడు. "ట్రాములు మాత్రం నడిపిన్రు కదా" అన్నాడు నాన్న కాసేపాగి. నన్ను ఓదార్చడానికి అన్నాడేమో అని చూశాను. కాదు, ఆయన దాని గురించే ఆలోచిస్తున్నాడు.

జనవరి 25, ఆదివారం. చిట్టివలస, బీచ్ రోడ్డు

222 బస్సులో తగరపువలస దాకా, అక్కణ్ణించి చిట్టివలస. జూట్ మిల్లు 2009 నుంచి మూత. గోడ, చెట్లు, తుప్పు. గేటు ఎదుట అరుగు మీద కూర్చున్న ఒక మామ్మ, తాను స్పిన్నింగ్‌లో ఉండేదాన్నని, ఇప్పటికీ పొద్దున్న సైరన్ టైముకి మెలకువ వస్తుందని చెప్పింది. ఇంకేమీ అడగలేకపోయాను. 1920 సెప్టెంబరులో ఇటలీ కార్మికులు తాళాలు పడబోయే ఫ్యాక్టరీల్లోకి వెళ్లి తామే నడపడానికి ప్రయత్నించారని చదివాను, కానీ పదహారేళ్లు తుప్పు పట్టిన మిల్లు ముందు ఆ మాట ఆమెతో అనాలనిపించలేదు.

సాయంత్రం బీచ్ రోడ్డులో మూరీ (మరమరాల) మిక్చర్ రెండు పొట్లాలు, 60. సబ్‌మెరైన్ దగ్గర జనం కిటకిట. మేం కాస్త అవతల గట్టుమీద కూర్చుంటే పక్కనే ఏడెనిమిది మంది డెలివరీ కుర్రాళ్లు బళ్లు ఆపుకుని ఆర్డర్ల కోసం చూస్తున్నారు. మాటల్లో ఒకడు చెప్పాడు. సంక్రాంతి ముందు కిలోమీటరు రేటు తగ్గించారట. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, రాత్రి ఏడు నుంచి పది దాకా ఈ చుట్టుపక్కల అందరం యాప్ ఆపేద్దామని. ఆపేశారు. రెండు రోజులకి రేటు కొంత పెరిగింది.

"లీడర్ ఎవరు?" అని నాన్న అడిగాడు.

"లీడరేటి అంకుల్, ఎవరైనా తెలిస్తే ఆడి ఐడీ పోద్ది. అందుకే ఎవరూ నేరు."

2017లో బెర్లిన్లో ఎఫ్ఏయూ అనే అనార్కో సిండికలిస్టు సంఘంతో కలిసి సైకిలు డెలివరీవాళ్లు ఇట్లాగే మొదలుపెట్టారని, సైకిలు రిపేరు ఖర్చు కంపెనీయే భరించాలని అడిగారని నేను చెబితే, ఒకడు "మాకు టైర్లు కూడా మేమే" అని నవ్వాడు. ఇంకొకడు, పొట్టిగా, హెల్మెట్ తీయకుండానే కూర్చున్నవాడు, తన రూమ్మేట్ మొన్న మద్దిలపాలెం దగ్గర పడి చెయ్యి విరిగిందని, గ్రూపులో చందా అడిగితే కొంతమంది వేశారు, కొంతమంది వెయ్యలేదు, అడగడమే సిగ్గుగా ఉందని అన్నాడు.

నాన్న ముందుకు జరిగాడు. నాలుగు రోజుల్లో ఆయన అంత వేగంగా మాట్లాడటం చూడలేదు. "చందా అడగొద్దు బిడ్డా. అడిగితే ఇచ్చెటోడు పెద్దోడైతడు, తీసుకునెటోడు చిన్నోడైతడు. ముందుగాల లెక్క రాసి పెట్టుకోవాలె" అని పూర్ణా మార్కెట్ పదకొండు మంది సంగతి, పన్నెండో వాడి జ్వరం సంగతి చెప్పాడు. మీరు ఎంతమంది, వారానికి తలా ఎంత తీయగలరు, మంచానపడ్డవాడికి ఎన్ని వారాలు ఇవ్వగలరు అని అడుగుతూ పోయాడు. లెక్క పట్టుకునేవాడు నెలకొకడు మారాలని కూడా అన్నాడు, అది ఫిలడెల్ఫియాది.

ఇద్దరికి ఆర్డర్లు వచ్చి బళ్లు తీశారు. హెల్మెట్ కుర్రాడు మాత్రం కదల్లేదు. "అంకుల్, ఆ సగం వాటా లెక్క ఇంకోపాలి చెప్పండి" అని ఫోన్ తీశాడు. నాన్న మూరీ మిక్చర్ పొట్లం కాగితం విప్పి, నూనె అంటని వైపు తిప్పి, నా దగ్గర పెన్ను తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టాడు.